అత్తగారు ఒప్పుకోని క్రోమియం

కింది గదిలో ఇద్దరు, పైన నలుగురు, అంతకుమించి అత్తగారు ఒప్పుకోరు. క్రోమియం పరమాణువులో చివరి ఆరు ఎలక్ట్రాన్లు ఎక్కడెక్కడ సర్దుకుంటాయో రాయమంటే ఒక పిల్ల రాసిన జవాబు అది. కాగితాలు దిద్దుతున్న టీచరు ఎర్ర పెన్ను గాల్లో అలాగే పట్టుకుని, నవ్వు బయటికి రాకుండా కింది పెదవిని పళ్ళతో నొక్కిపెట్టింది. నవ్వితే మంచం కిర్రుమంటుంది, మంచం కిర్రుమంటే ఎదురు మంచం మీద పడుకున్న అత్తయ్య లేస్తుంది, అత్తయ్య లేస్తే అడగాల్సిన మాట అడగాలి, ఆ మాట ఇంకా గొంతు దాటడానికి సిద్ధంగా లేదు. ఆదివారం మధ్యాహ్నం. కిటికీ రెక్క ఒకటి వేసి ఉంది, రెండో రెక్కలోంచి ఎండ నేల మీద పలకంత మేర పడింది. పైగదిలో టైలరమ్మ మిషను కాస్త దూరం పరిగెత్తి ఆగుతోంది, మళ్ళీ పరిగెడుతోంది. సాయంత్రం టీ వేళకి కళ్ళజోళ్ళ షాపులో పనిచేసే ఆవిడెవరో వస్తానంది, పైన ఖాళీ అయిన ఐదో గది చూడటానికి. ఆవిడ వచ్చేలోపల అత్తయ్యతో చెప్పాలి, ఆ గది ఆవిడకి ఇవ్వద్దు, నాకు కావాలి అని. ఇంతే. క్లాసునిండా పిల్లల్ని కూర్చోబెట్టుకుని గుక్కతిప్పుకోకుండా మాట్లాడే టీచరుకి ఈ నాలుగు ముక్కలు నోట్లోనే ఉండిపోతున్నాయి.

జవాబు తప్పే. క్రోమియంలో పైన ఐదుగురు, కింద ఒక్కరు. కానీ అడ్డంగా గీత కొట్టడానికి చెయ్యి రావడం లేదు, ఎందుకంటే ఆ పిల్ల నమ్మిన సూత్రం ఆమె చెప్పినదే, ఆమె దాన్ని నేర్చుకున్నది నోరు కాస్త తెరుచుకుని నిద్రపోతున్న ఈ పెద్దావిడ దగ్గర. కర్పరాలు, ఆర్బిటాళ్ళు అంటూ బోర్డు మీద గళ్ళు గీసి, గళ్ళలో పైకొక బాణం కిందకొక బాణం వేసి, సుద్దముక్కలు అరగదీసినంత కాలం పిల్లలు గళ్ళు చూశారు తప్ప అందులో ఎవరుంటారో చూడలేదు. ఒకరోజు విసుగు పుట్టి, మా అత్తగారు ఆడవాళ్ళకి గదులు అద్దెకిచ్చే పద్ధతి చెబుతాను వినండి అంది. క్లాసు మొత్తం వెన్ను నిటారుగా పెట్టుకుని కూర్చుంది. కింద గది నిండనిదే పైగది తాళం తియ్యదు అత్తయ్య. ఊరికే మెట్లెక్కించి ఎవర్నీ ఆయాసపెట్టకూడదు అంటుంది. పైన ఒకే తీరున్న గదులు ఐదున్నాయి, వాటిల్లో ముందు మనిషికొక గది, అన్నిట్లోనూ ఒక్కొక్కరు చేరాకే ఎవరి గదిలోకైనా రెండో మనిషిని పంపుతుంది. ఖాళీ గది ఉండగా ఇంకొకరి పక్కన ఇరికించడం అమానుషం అంటుంది. ఇక ఒకే గదిలో ఇద్దరు తప్పదంటే, ఒకరి తల తూర్పుకి, ఒకరిది పడమరకి. తలలు ఒకేవైపుంటే కబుర్లు మొదలవుతాయి, కబుర్లు ముదిరితే తగువులవుతాయి, అదే ఎదురెదురుగా పడుకుంటే ఒకరికి ఒకరి కాళ్ళే కనిపిస్తాయి, నిద్రలో ఉన్న మనిషి కాళ్ళు చూశాక ఎవరి మీదా కోపం నిలవదు అంటుంది. పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు తల బద్దలుకొట్టుకుని కనిపెట్టిన మూడు నియమాలూ ఆవిడ నోట వింటూ ఉంటే ఆమెకి మొదట్లో ఒళ్ళు జలదరించేది, తరవాత నవ్వొచ్చేది, ఇప్పుడు రెండూ లేవు, అలవాటైపోయింది. పిల్లలు మాత్రం వాటికి అత్తగారి సూత్రాలని పేరు పెట్టి, పరీక్షల్లో కూడా అలాగే రాసేస్తున్నారు.

ఆ కాళ్ళే ఇప్పుడు ఆమె మొహానికి ఎదురుగా ఉన్నాయి. దుప్పటి అంచు దాటి బయటికొచ్చిన రెండు పాదాలు, మడమల దగ్గర బీటలు, చిటికెనవేలి గోరు నల్లగా చితికి ఉంది, ఎప్పుడో పైగదికి మంచం ఎక్కిస్తుంటే తగిలిన దెబ్బ. కుడికాలి బొటనవేలు నిద్రలో కూడా ఒకటి రెండుసార్లు కదులుతుంది, ఎవరికో అడ్డొచ్చి ఆగండి అంటున్నట్టు. ఈ పాదాల్ని చూస్తూ ఎన్ని మధ్యాహ్నాలు, ఎన్ని తెల్లవారుజాములు గడిపిందో. తన మొహం కంటే ఇవే ఎక్కువ పరిచయం. వీటిని చూస్తూ, నేను పైకి పోతానత్తయ్యా అని ఎలా అంటుంది? కాళ్ళు చూస్తే కోపం నిలవదన్నది నిజమే, కానీ కోరిక నిలుస్తుందా నిలవదా అన్నది అత్తయ్య చెప్పలేదు.

ఈ ముందుగది మామయ్య అన్నిటికంటే ఆఖర్న కట్టించింది. పైన ఐదు గదులూ అప్పటికే ఉన్నాయి, వీధిగుమ్మం పక్కన కాస్త జాగా మిగిలితే దీన్ని అతికించాడు. ఆఖర్న పుట్టినా ఇంటికి ఎవరొచ్చినా ముందు అడుగు పెట్టేది ఇందులోనే. నాలుగో అంకె వేసుకున్న ఎస్ గది, మూడో అంకె డి గదులకంటే ముందెందుకు నిండుతుంది టీచర్, వరస తప్పు కదా అని చివరి బెంచీలో ఒక పిల్ల ప్రతి ఏడూ అడుగుతుంది, పిల్ల మారుతుంది కాని ఆ ప్రశ్న మారదు. అప్పుడు ఆమె ఈ గదినే చెబుతుంది. అంకె గది ఎప్పుడు కట్టారో చెబుతుంది తప్ప గడప ఎంత ఎత్తో చెప్పదు. ఎలక్ట్రాను అంకెలు చూడదు, ఎత్తు చూస్తుంది. పొటాషియం ఈ గదిలోకి ఒకరిని తెస్తుంది, కాల్షియం రెండో వారిని, అక్కణ్ణించి మెట్లెక్కడమే, స్కాండియం, టైటానియం, వెనేడియం, ఒక్కొక్క మూలకానికి ఒక్కొక్క గది తలుపు తెరుచుకుంటుంది. పెళ్ళయి తను ఈ గదిలోకి వచ్చినప్పుడు ఇక్కడ ఒకే మంచం ఉండేది, వెడల్పుది. భర్త గోడవైపు, తను కిటికీవైపు. ఇల్లు ఇరకటం ఆలి మర్కటం అని ఆయన వేళాకోళం చేస్తే, ఇల్లు ఇరుకైతే అద్దంలో మీకు కనపడేది మీ మొహమే అని తను. హీలియంలాగా ఉండేవాళ్ళు, ఇద్దరితో నిండిపోయి, ఇంకెవరి ఊసూ అక్కర్లేనట్టు. హీలియం ఎవరితోనూ కలవదని చెప్పేటప్పుడు పిల్లలు దాన్ని గర్విష్టి అనుకుంటారు. గర్వం కాదు, తీరిక లేదు దానికి అని చెప్పాలనుంటుంది, చెప్పదు.

ఆయన పోయిన కొత్తల్లో ఒక రాత్రి తలుపు నెమ్మదిగా తోసుకుని అత్తయ్య వచ్చింది, చంకలో దిండు పెట్టుకుని, ఏమీ అనకుండా. తన కోసం వచ్చిందని ఆమెకి అర్థమైంది, కోడలు ఒంటరిగా పడుకుని ఏమైపోతుందోనని. అందుకే ఏడుపొచ్చినా ఏడవకుండా, పక్కకి తిరగకుండా, ఊపిరి కూడా మెల్లగా తీసుకుంటూ పడుకోవడం నేర్చుకుంది. పాపం, పెద్దప్రాణం, నిద్ర చెడకూడదు. ఆ వెడల్పు మంచం పోయి రెండు ఒంటి మంచాలొచ్చాయి. అత్తయ్య పడుకునే హాలులో పొడవాటి బల్ల వేసి అద్దెకున్నవాళ్ళకి భోజనాలు పెట్టడం మొదలైంది. పైగదుల్లోకి నర్సు వచ్చింది, టైలరమ్మ వచ్చింది, లైబ్రరీలో పనిచేసే అమ్మాయి, బస్సు కండక్టరు వచ్చారు. ఇల్లు నిండింది, బాగుంది. నిజంగానే బాగుంది, ఆమెకి ఫిర్యాదేమీ లేదు, బల్ల చుట్టూ ఆడవాళ్ళ నవ్వులు వింటూ చెయ్యి కడుక్కునే ప్రతి రాత్రీ, ఇది కూడా ఒక మంచి బతుకే అనుకుంటుంది. కానీ లైటు తొమ్మిదింటికల్లా ఆరిపోవాలి, అత్తయ్యకి వెలుతురుంటే నిద్రపట్టదు. కాగితాలు దిద్దాలంటే వంటింట్లో గిన్నెల మధ్య పీట వేసుకుని కూర్చోవాలి, సున్నం పట్టిన కుళాయి చుక్క చుక్కగా కారుతూ మార్కులు లెక్కపెడుతున్నట్టు ఉంటుంది. అది కూడా కష్టం కాదు. మరేమిటి కష్టం అంటే చెప్పలేదు.

ఐదో గదిలో ఉన్న అమ్మాయి చెల్లెలితో కలిసి ఉంటానని వెళ్ళిపోయాక ఊడవడానికని పైకి వెళ్ళింది. మంచం లేదు, మేకు లేదు, గోడ మీద అద్దం ఉన్న చోట కాస్త తెల్లటి మచ్చ. చీపురు పక్కన పెట్టి నేల మీద కూర్చుంది. తలుపు గాలికి దానంతట అదే మూసుకుంది. గదిలో తన ఊపిరి తనకి వినిపించింది. అంత పెద్దగా ఊపిరి తీస్తుందని తనకే తెలియదు. కాళ్ళు చాపింది, గోడ తగల్లేదు. పక్కకి ఒరిగి, ఆ తరవాత వెల్లకిలా పడుకుని, చేతులు రెండు వైపులా చాచింది, అవీ ఎవరికీ తగల్లేదు. ఎంతసేపు ఉందో తెలియదు. కిందికి వచ్చాక అత్తయ్య మొహం చూసి, ఒక్క గది ఊడవడానికి ఇంత చెమటా అంది. ఆ రోజు నుంచీ ఆ గది లోపల ఒక పక్కన మెదులుతూనే ఉంది. సోడియంలో చివరి ఎలక్ట్రానులా, అన్నీ నిండిన ఇంటికి బయట వరండాలో కూర్చుని, మనసంతా వీధివైపే ఉన్నట్టు. కాదు కాదు, సోడియం కాదు. సోడియం ఎలక్ట్రాను సందు దొరికితే చాలని వేరే ఇంటికి పోతుంది. ఆమెకి పోవాలని లేదు, ఈ ఇంట్లోనే ఉండాలి, ఈ మెట్లకి పైనే.

అలాంటిదే కదా ఈ క్రోమియం. పైన నాలుగు గదుల్లో నలుగురు, ఒకటి ఖాళీ, కింద ఇద్దరు. సూత్రం ప్రకారం అంతా సరిగ్గానే ఉంది, ఎవరూ ఎవర్నీ తప్పు పట్టలేరు. అయినా కింద ఉన్న ఇద్దరిలో ఒకరు మెట్లెక్కి ఆ ఐదో గదిలో చేరతారు. ఎక్కడానికి కాస్త శ్రమే, కానీ ఎక్కాక పైన ఐదుగురూ తలో గదిలో ఒకే తీరున ఉంటారు, కింద ఒకరు తమంత తాము ఉంటారు, మొత్తం ఇల్లు ఇదివరకటికంటే నెమ్మదిస్తుంది. సగం నిండటంలోనూ ఒక నిండుదనం ఉందర్రా అని క్లాసులో చెప్పింది. అసలు కారణం అంత తేలిక కాదని, లెక్కలు వేస్తే ఇంకా చిక్కుముళ్ళు ఉన్నాయని కూడా చెప్పింది, నిజం సగమే చెప్పి పూర్తిగా చెప్పినట్టు నటించడం ఆమెకి చేతకాదు. చెప్పింది కదా, మరి ఒక్క పిల్లా నమ్మలేదేం? కట్టలో కాగితాలన్నీ తిరగేసింది, చప్పుడు కాకుండా. అందరూ నాలుగు, రెండు. అత్తగారిని అంత గట్టిగా నమ్మించాక, ఆవిడ మాట దాటి ఒక మనిషి పైకి వెళ్ళిందంటే ఎవరు నమ్ముతారు? ఈ పిల్ల ఒక్కతే పైకి చెప్పింది, మిగతా అందరూ మనసులో అనుకుని ఊరుకున్నారు. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. క్రోమియం అడిగిందా? అడక్కుండానే వెళ్ళిందా? వెళ్ళాక కింద ఉన్నది ఏమనుకుంది? పుస్తకంలో ఇవేమీ ఉండవు, అన్నీ బాణాలే.

అత్తయ్యా, మీతో ఒక మాట. వద్దు, అలా మొదలుపెడితే ఆవిడ గుండె పట్టుకుంటుంది. అత్తయ్యా, పైగదిలో గాలి బాగా వస్తోంది. గాలి కోసమైతే కిటికీ రెండో రెక్క తియ్యి అంటుంది. అత్తయ్యా, కాగితాలు దిద్దుకోడానికి. అది అబద్ధం కాదు గాని నిజమూ కాదు. కోడలు వేరు పడింది అనుకుంటుందేమో. కొడుకు ఎలాగూ లేడు, ఇప్పుడు దీనికి నా వాసన కూడా పడటం లేదు అనుకుంటుందేమో. మిషను ఆగింది. ఎక్కడో సైకిలు బెల్లు. ఆ కాలి బొటనవేలు కదలడం లేదు. ఎందుకు కదలడం లేదు?

"ఏమిటే ఆ నిట్టూర్పులు," అంది అత్తయ్య కళ్ళు తెరవకుండానే. "కాగితాలు చదువుతున్నావా, వాటికి గాలి విసురుతున్నావా?"

ఆమె పెన్నుకి మూత పెట్టింది. మూత టక్కుమంది. ఆ చప్పుడుతోపాటే మాట కూడా బయటపడింది, అనుకున్న ఏ వరసలోనూ కాకుండా.

"ఐదో గది ఆవిడకి ఇవ్వద్దత్తయ్యా."

"ఏం? ఇంకా మొహం కూడా చూడలేదు, పాపం, అప్పుడే ఆవిడ నీకేం చేసింది?"

"నాకు కావాలి. పడుకోడానికి."

అత్తయ్య లేచి కూర్చుంది. పాదాలు నేల మీద చెప్పుల కోసం వెతికాయి, ఒకటి దొరికింది, రెండోది మంచం కిందికి పోయింది. ఆమె వంగి తీసి ఇచ్చింది. అత్తయ్య తొడుక్కోలేదు, చేత్తో పట్టుకుని కూర్చుంది.

"నా గురకా?"

"కాదు."

"లైటు ఆర్పమంటాననా?"

"అదీ కాదు. ఊరికే. ఒక్కదాన్నీ ఉండాలని ఉంది, అంతే."

చెప్పేశాక గది ఒక్కసారి ఖాళీ అయినట్టయింది. పోనీ కాస్త మెత్తగా చెప్పి ఉండాల్సింది. కారణం చెప్పి ఉంటే ఆవిడ ఆ కారణంతో పోట్లాడేది, పోట్లాట అయితే ఎలాగో గట్టెక్కొచ్చు, ఊరికే అన్నదానితో ఎవరు పోట్లాడగలరు? అత్తయ్య చెప్పుని అటూ ఇటూ తిప్పి చూసింది, తెగిందేమోనని చూస్తున్నట్టు.

"ఆ రాత్రి దిండు పట్టుకుని ఎందుకొచ్చాననుకున్నావు?"

"నాకు తోడుగా ఉందామని."

"నీకా? నువ్వు రాయిలా ఉన్నావు. భయమేసింది నాకు. హాల్లో పడుకుంటే వాడు గడియ తీసుకుని లోపలికొస్తున్నట్టు చప్పుళ్ళు వినపడేవి. వచ్చి నీ ఎదురుగా పడుకున్నాను. నువ్వు పొమ్మనలేదు." అత్తయ్య చెప్పు తొడుక్కుంది. "తరవాత పోదామంటే, నేను పోతే నువ్వేమనుకుంటావోనని ఉండిపోయాను. ఎవరో ఒకరు ముందు అడగాలి కదే. నీ నోరేమో బడికి తీసుకెళ్ళి అక్కడే వదిలేసొస్తావు."

ఆమెకి నవ్వూ కన్నీళ్ళూ ఒకేసారి తన్నుకొచ్చాయి, ఏది ముందో తేల్చుకునేలోపల వీధితలుపు చప్పుడైంది. అత్తయ్య లేచి జుట్టు సర్దుకుంటూ వెళ్ళింది. ఆమె మంచం మీద కదలకుండా కూర్చుని విన్నది. కళ్ళజోళ్ళ షాపు ఆవిడ గొంతు కాస్త బొంగురుగా, చల్లగా ఉంది. ఆలస్యమైంది, క్షమించాలి, పైన గది ఉందన్నారు కదండీ అంటోంది. ఉండేదమ్మా, ఇప్పుడే నిండిపోయింది అంది అత్తయ్య, ఎంతో అమాయకంగా. అయ్యో అని ఆవిడ సంచీ కింద పెట్టిన చప్పుడు. నిజం చెప్పాలంటే మెట్లు చూసి నాకూ గుండె గుభేలుమంది పిన్నిగారూ, మోకాళ్ళు ఎక్కనిస్తాయో లేదోనని. షాపులో రోజంతా నిలబడే పని కదా. అత్తయ్య ఒక్క క్షణం ఆలోచించింది, ఆ క్షణం ఎంత చిన్నదో ఆమెకి లోపల కూర్చునే తెలిసింది.

"నువ్వు గురక పెడతావా?"

ఆవిడ తడబడింది. "పెడతాననే అంటారండీ, మావాళ్ళందరూ."

"మంచిది. నాకు చప్పుడుంటేనే నిద్ర. మా కోడలితో ఇన్నేళ్ళూ నరకమనుకో, అసలు సడీ చప్పుడూ ఉండదు. ఉందో లేదోనని అర్ధరాత్రి లేచి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకునేదాన్ని. కింద ఒక మంచం ఖాళీ అయింది. చూస్తావా?"

ఖాళీ అయిందా? తను ఇంకా దాని మీదే కూర్చుంది, దుప్పటి వెచ్చదనం పోలేదు, కాగితాలు ఒళ్ళోనే ఉన్నాయి. ఎక్కడో చిన్న ముల్లు దిగింది, అంత త్వరగానా అని. నిద్ర చెడకూడదని ఊపిరి బిగబట్టుకుని పడుకున్న రాత్రులన్నీ ఎదురుగా వచ్చి నిలబడి, మేమెందుకు పనికొచ్చాం అని అడిగాయి. అంతలోనే గుర్తొచ్చింది, క్రోమియం తరవాత మాంగనీస్ కదా. ఒక ఎలక్ట్రాను ఎక్కువ. పైన ఐదుగురినీ కదపకుండా, ఎవరి పక్కనా ఇరికించకుండా, ఆ కొత్తది తిన్నగా వచ్చి కింది గదిలో రెండోదిగా చేరుతుంది. ప్రతి ఏడూ బోర్డు మీద ఆ బాణం వేసి చెబుతూనే ఉంది, ఎంతో మామూలు విషయంగా, వాళ్ళ గొంతులు ఎలా ఉంటాయో తెలియకుండా. ఈసారి నవ్వు ఆపుకోలేదు. మంచం కిర్రుమంది, ఎవరూ పట్టించుకోలేదు. ఆవిడ లోపలికి తొంగిచూసి, మీరేనా టీచరుగారు, మీరేమీ అనుకోరు కదా అంది. అనుకున్నాను, అయిపోయింది, రండి అని ఆమె లేచి మంచం ఖాళీ చేసింది.

దిండూ దుప్పటీ ఒక చంకలో, కాగితాల కట్ట ఇంకో చంకలో పెట్టుకుని మెట్లెక్కింది. పైన నర్సు తలుపు మూసి ఉంది, డ్యూటీ నుంచి వచ్చి పడుకుని ఉంటుంది. టైలరమ్మ తల పైకెత్తి దిండుని చూసి, ఏం అడగాలో తెలియక మళ్ళీ మిషను తొక్కింది. ఐదో గదిలో నేల చల్లగా ఉంది. దుప్పటి గది మధ్యలో పరిచింది, గోడకి ఆనించి కాదు, ఏ దిక్కుకీ సరిగ్గా కాకుండా అడ్డదిడ్డంగా, తలవైపేదో కాళ్ళవైపేదో తనకే తెలియనట్టు. పడుకుని ఒక నిట్టూర్పు విడిచింది, పూర్తిగా, కావాలని పెద్దగా. కిందినుంచి మాటలు వస్తున్నాయి, మాటలు కాదు, మాటల మోత, అందులో అత్తయ్య నవ్వు. ఈ నవ్వు బల్ల దగ్గర అందరితో నవ్వేది కాదు, ఇంకొకటి. కొత్త స్నేహితురాలు దొరికిన ఆడపిల్ల నవ్వు. అసూయ పడదామని చూసింది ఆమె, కుదరలేదు. ఆ నవ్వు నేల గుండా వచ్చి వీపుకి వెచ్చగా తగులుతోంది. గదిలో తనొక్కతే ఉంది, అయినా ఇల్లంతా తన చుట్టూ ఉంది, ఎవరి చోట వాళ్ళు, దగ్గరగానే.

"అమ్మాయ్," అని కిందినుంచి కేక వినిపించింది. "పైకి పోయి మమ్మల్ని మర్చిపోయావా? టీ అయింది, దిగు."

ఇన్నేళ్ళలో అత్తయ్య పిలిస్తే ఆమె ఎప్పుడూ, వస్తున్నానత్తయ్యా అనే అంది, చేతిలో పని ఉన్నా సరే, నిద్రలో ఉన్నా సరే. ఇప్పుడు కూడా ఆ మాటే నాలుక చివరిదాకా వచ్చింది. పైకప్పుకేసి చూస్తూ దాన్ని వెనక్కి పంపేసింది.

"కాసేపాగి వస్తాను," అంది, గట్టిగానే, కిందికి వినపడేలా.

కింద కప్పుల చప్పుడైంది.

"సరే," అంది అత్తయ్య. "మూత పెట్టి ఉంచుతాను."